తీగ మీద మాగిన ద్రాక్ష, పలాస జీడిపప్పు: సులా లేట్ హార్వెస్ట్ షెనిన్ బ్లాంక్ మా ఇంటి వంటలతో

మా విజయనగరంలో ఏ వీధి మలుపు తిరిగినా "వైన్స్" అన్న బోర్డు కనిపిస్తుంది గాని, ఆ బోర్డు కింద నిజంగా వైన్ దొరకడం అరుదు. విస్కీ, బ్రాందీ, బీరు పేర్చిన అరల చివర ఒకటి రెండు ఎర్ర వైన్ సీసాలు ఉంటే ఉంటాయి. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మద్యం దుకాణాలు తిరిగి వచ్చాక రకాలు పెరుగుతాయని ఆశపడి నాలుగైదు చోట్ల అడిగాను. తీపి తెల్ల వైన్ అనగానే దుకాణదారులు పోర్టు అనే తీపి ఎర్ర వైన్ సీసా తీసి చూపించారు. చివరకు నేను వెతుకుతున్న సీసా విశాఖపట్నంలో దొరికింది. నాసిక్‌లో సులా కంపెనీ వారు షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షతో చేసే తీపి వైన్, లేట్ హార్వెస్ట్ షెనిన్ బ్లాంక్ అది. మామూలు సీసాలో సగం, అంటే 375 మిల్లీలీటర్లు ఉంటుంది. ఈ వేసవిలో మూడు వేర్వేరు పూటల్లో, మూడు రకాల తిండితో దానిని రుచి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

"లేట్ హార్వెస్ట్" అంటే ఆలస్యపు కోత. మామూలు తెల్ల వైన్‌కు ద్రాక్షను పులుపు, తీపి సమంగా ఉన్న దశలో కోస్తారు. పులియబెట్టే సూక్ష్మజీవి అయిన ఈస్టు ఆ రసంలోని చక్కెరను దాదాపు పూర్తిగా తినేసి ఆల్కహాలుగా మారుస్తుంది కాబట్టి ఆ వైన్‌లో తీపి మిగలదు. ఆలస్యపు కోతలో గుత్తులను మరికొన్ని వారాలు తీగకే వదిలేస్తారు. పండు మెల్లగా వడలి, అందులోని నీరు తగ్గి, చక్కెర, పులుపు, పరిమళం అన్నీ చిక్కబడతాయి. గడ్డిలో వేసి మాగబెట్టిన పండుకూ, చెట్టునే పండి రాలిన పండుకూ ఉన్న తేడా మన ఉత్తరాంధ్ర వాళ్ళకు చెప్పనవసరం లేదు. అంత చక్కెర ఉన్న రసాన్ని ఈస్టు మొత్తం తినలేదు. ఆల్కహాలు పెరిగేకొద్దీ అది నీరసిస్తుంది, లేదా వైన్ చేసేవారే రసాన్ని బాగా చల్లబరచి పులియడాన్ని మధ్యలో ఆపుతారు. ఆ మిగిలిపోయిన ద్రాక్ష చక్కెరే ఈ వైన్‌లోని తీపి. ఎవరో పంచదార కలిపారని మా బంధువుల్లో కొందరు మొదట అనుమానపడ్డారు కనుక ఈ సంగతి ఇంత వివరంగా చెప్పవలసి వచ్చింది.

ఈ పద్ధతి ఐరోపాలో పాతది. జర్మనీలోని యోహానిస్‌బర్గ్ కోటలో 1775లో, కోతకు అనుమతి తీసుకు రావలసిన వార్తాహరుడు ఫుల్డా పట్టణం నుంచి ఆలస్యంగా చేరాడనీ, ఆలోగా కుళ్ళుపట్టిన ద్రాక్షతో చేసిన వైన్ అద్భుతంగా వచ్చిందనీ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్రాన్సులోని సోటెర్న్ ప్రాంతంలో శరదృతువు పొగమంచు తేమకు బోట్రైటిస్ అనే బూజు ద్రాక్షపండ్లకు పడుతుంది. అది తొక్కకు కంటికి కనపడనంత చిన్న రంధ్రాలు పొడిచి లోపలి నీటిని ఆవిరి కానిస్తుంది. బోర్డో వైన్లను శ్రేణులుగా విభజించిన 1855 వర్గీకరణలో మిగిలిన సోటెర్న్ వైన్లన్నిటికీ పైన విడిగా నిలబెట్టిన షాటో దికెమ్ ఈ బూజు పుణ్యమే. నాసిక్ వాతావరణం వేరు. వానలు వెళ్ళిపోయాక సెప్టెంబరు, అక్టోబరుల్లో తీగలు కత్తిరిస్తే, జనవరి నుంచి మార్చి దాకా పండు కోతకు వస్తుంది. అప్పుడు పగలు ఎండ, రాత్రి చలి, గాలి పొడిగా ఉంటాయి. అందుకని అక్కడ బూజు కన్నా తీగ మీద మాగి వడలడమే ముఖ్యం.

షెనిన్ బ్లాంక్‌ది పుట్టుకతో ఫ్రాన్సులోని లువార్ నది లోయ. వూవ్రే, కోతో ద్యు లెయాన్ వంటి చోట్ల దానితో చేసే తీపి వైన్లు దశాబ్దాల తరబడి నిలుస్తాయి. దక్షిణాఫ్రికాలో దాన్ని స్టీన్ అని కూడా పిలుస్తారు, ప్రపంచంలో ఈ ద్రాక్ష ఎక్కువగా పండేది అక్కడే. ఎంత పండినా పులుపు పోనివ్వని స్వభావం దీనికుంది. తీపి వైన్‌కు ఇంతకు మించిన సుగుణం లేదు. పులుపు లేని తీపి వైన్ పాకం లాగా నాలుకకు అంటుకుని, రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. సులా స్థాపకుడు రాజీవ్ సామంత్ 1997లో నాసిక్ దగ్గర నాటిన తొలి తీగల్లో సోవిన్యాన్ బ్లాంక్ అనే మరో తెల్ల ద్రాక్షతో పాటు షెనిన్ కూడా ఉంది. వైన్ తయారీశాల 2000లో మొదలైంది. ఆయన తల్లి పేరు సులభ, అందులోంచే సులా వచ్చింది.

ఇక రుచికి వద్దాం. మొదటి సీసా విషయంలో నేను మోసపోయాను. విశాఖపట్నంలోని ఒక దుకాణంలో, రోడ్డువైపు అద్దాల అరలో, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట నిలబెట్టిన సీసాను తొందరలో తెచ్చేసుకున్నాను. ఇంట్లో తెరిచి గ్లాసులో పోస్తే రంగు పాత రాగి చెంబులా ఉంది. వాసన మాడిన బెల్లం పాకం వాసన. పులుపు అన్నది లేనే లేదు. ఆ సీసాను వంటింటి సింకులో పారబోశాను, బాధ కలిగింది. ఆ తప్పు వైన్‌ది కాదు, ఎండలో నిలబెట్టిన వారిది, చూసుకోకుండా కొన్న నాది. తర్వాత మరొక దుకాణంలో, ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతున్న సీసా తెచ్చాను. లేబుల్ మీద ద్రాక్ష కోసిన సంవత్సరం ఉంటే చూడండి, వెలుతురుకు ఎత్తి పట్టి రంగు చూడండి. లేత తేనె రంగు ఉండాలి, గోధుమ రంగులోకి దిగి ఉండకూడదు. ఈ రెండూ చూడకుండా కొనవద్దని ఇప్పుడు అడిగిన వాళ్ళందరికీ చెబుతున్నాను.

మంచి సీసా తెరిచినప్పుడు మొదట వచ్చేది తేనె వాసన. ఆ వెనకే ఎండు ద్రాక్ష, దాని వెనక పండిన పనస తొన వాసన లీలగా వస్తుంది. పనస అన్నది నా ఊహేమో అనుకున్నాను గాని, మా అప్ప గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని నేనేమీ చెప్పకముందే, "ఇదేటిరా, పనసపండు కోసిన ఇల్లులా ఉంది" అంది. ఆమెది పనసకు పేరున్న ఉద్దానం, కవిటి దగ్గరి ఊళ్ళో కోడలై ముప్పై ఏళ్ళయింది. పనస వాసనలో ఆమె మాట కాదనడానికి నాకు అధికారం లేదు. నోట్లోకి తీసుకుంటే ముందు తీపి, తర్వాత అంగిటి పక్కల నుంచి పుల్లదనం మెల్లగా లేచి ఆ తీపిని కడిగేస్తుంది. మింగాక కమ్మని తేనె రుచి కాసేపు నిలుస్తుంది. లువార్ వైన్లలో ఉండే పదునైన పులుపు, రాతిని తలపించే ఖనిజపు రుచి ఇందులో కోరకూడదు. ఇది మెత్తని, వెచ్చని నేల పండు, ఆ మెత్తదనమే దీని స్వభావం.

చల్లదనం గురించి ఒక మాట. ఈ వైన్‌ను 8 నుంచి 10 డిగ్రీల మధ్య పుచ్చుకోవాలి. ఫ్రిజ్ నుంచి తీయగానే అది ఇంకా చల్లగా ఉంటుంది, అప్పుడు పరిమళం ముడుచుకుపోతుంది. పది పదిహేను నిమిషాలు బల్ల మీద ఉంచితే సరిపోతుంది. మే నెలలో మా ఊరి ఎండకు అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే మాత్రం తీపి ఒక్కటే పైకి తేలి, పాకంలా అనిపిస్తుంది. చిన్న గ్లాసులో 60 మిల్లీలీటర్లు చాలు. ఆ లెక్కన ఒక సీసా ఆరుగురికి సరిపోతుంది. ఒక్క గ్లాసులో ఐస్ ముక్కలు వేసి చూశాను, కరిగిన నీటికి పులుపు పలచబడి వైన్ చెడింది. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టిన మిగులు అయిదో రోజు కూడా బాగుంది.

దీనిని డెజర్ట్ వైన్ అంటారు కాబట్టి మొదటి పూట మిఠాయితోనే పెట్టాను. ఇంట్లో చేసిన బొబ్బట్లు, ఊరి నుంచి వచ్చిన మాడుగుల హల్వా. అదే నా పొరపాటు. గోధుమ పాలు, నెయ్యి, పంచదార దగ్గరపడేదాకా తిప్పిన ఆ హల్వా ఒక ముక్క తిని వైన్ గుక్క తాగితే, అప్పటిదాకా తేనెలా ఉన్నది ఒక్కసారిగా నీళ్ళ నిమ్మకాయ రసంలా తోచింది. తీపి వైన్ కన్నా పక్కనున్న తిండి తియ్యగా ఉంటే వైన్‌లోని తీపి నాలుకకు అందదు, పులుపు ఒక్కటే మిగులుతుంది. కాఫీ తాగుతూ జిలేబీ తింటే కాఫీ చేదెక్కడం మనందరికీ అనుభవమే, ఇదీ అలాంటిదే. మన మిఠాయిల్లో అధికభాగం ఈ వైన్ కన్నా తియ్యనివి. పాశ్చాత్యులు పెట్టిన ఆ పేరును నమ్మి మనం దీనిని బొబ్బట్ల పక్కన పెట్టడం వల్ల వైన్‌కూ న్యాయం జరగదు, బొబ్బట్టుకూ జరగదు.

తీపిలో పనికొచ్చినవి రెండే. ఒకటి భీమాలి మామిడి తాండ్ర. చాపల మీద మామిడి రసం ఒక పొర ఆరాక మరొక పొర పోస్తూ రోజుల తరబడి ఎండబెట్టిన తాండ్రలో తీపితో పాటు మామిడి పులుపు కూడా మిగిలే ఉంటుంది. అది వైన్ పులుపుతో జత కలుస్తుంది. తాండ్ర మరీ తియ్యనిదైతే మాత్రం ఈ జత చెడుతుంది, కాస్త పుల్లగా, ముదురు రంగులో ఉన్న ముక్క ఎంచుకోవాలి. రెండోది పండిన పనస తొనలు. మా అప్ప చెప్పిన వాసన నాలుక మీద కూడా నిజమైంది. చల్లబెట్టిన తొనను చీల్చి, గింజ తీసి, ఒక ముక్క నమిలాక వైన్ తాగితే రెండింటిలో ఏది ఎక్కడ ముగిసిందో తెలియలేదు.

రెండో పూట ఉప్పగా, కారంగా ఉన్న తిండి. ఈ వైన్ అసలు స్థానం ఇక్కడేనని ఆ సాయంత్రమే నాకు అర్థమైంది. ఫ్రాన్సులో సోటెర్న్ వైన్‌కు రోక్ఫోర్ అనే నీలి బూజు జున్నును జతగా పెడతారు. గొర్రె పాలతో చేసే ఆ జున్ను బాగా ఉప్పగా ఉంటుంది, ఉప్పుకు తీపి ఎదురు నిలవడమే ఆ జత రహస్యం. ఆ జున్ను మా ఊళ్ళో దొరకదు. దాని పని పలాస జీడిపప్పు చేసింది. మా బావగారు పలాస పక్కనున్న కాశీబుగ్గ నుంచి డబ్ల్యూ 240 రకం పప్పు తెచ్చారు. పౌనుకు 240 గింజలకు మించకుండా తూగే పప్పు అని ఆ సంఖ్యకు అర్థం. సంఖ్య తగ్గే కొద్దీ గింజ పెద్దది. దాన్ని ఒక చెంచా నెయ్యిలో, చాలా సన్న మంట మీద, గింజ వీపు భాగం లేత బంగారు రంగుకు తిరిగే వరకు కలుపుతూ వేయించాను. దింపగానే, ఇంకా చిటపటలు ఆగకముందే, మెత్తని ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు చల్లాను. చల్లారాక చల్లితే ఉప్పు గింజకు పట్టదు, పళ్ళెం అడుగుకు చేరుతుంది.

ఒక గింజ కొరికి ఒక చిన్న గుక్క తాగిన బావగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇదేటి బావా, పప్పుకీ దీనికీ ఎప్పటి చుట్టరికం" అన్నారు. జీడిపప్పులో ఉన్న వెన్నలాంటి కొవ్వును వైన్ పులుపు కోసేస్తుంది, ఉప్పు వైన్ తీపిని పైకి లేపుతుంది, మిరియాల ఘాటును ఆ తీపి చల్లారుస్తుంది. ఈ మూడు పనులూ ఒకేసారి జరిగే జత ఈ వేసవిలో నాకు ఇదొక్కటే దొరికింది. సీసా కొనదలచిన వారు ఇంకేమీ వండకపోయినా ఫరవాలేదు, మంచి జీడిపప్పు మాత్రం తెచ్చుకోండి.

మూడో పూట భోజనమే పెట్టాను. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మా ఇంటి పెళ్ళిళ్ళలో తప్పనిసరి. పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండి, పోపులో ఎండుమిర్చి, జీడిపప్పు వేసి, చివర పచ్చి ఆవముద్ద కలుపుతాం. ఆ ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది, కళ్ళు చెమరుస్తాయి. మామూలు, తీపి లేని తెల్ల వైన్ తాగితే ఆల్కహాలు ఆ మంటను మరింత పెంచుతుంది, నేను ఇంతకు ముందు అలా ప్రయత్నించి ఇబ్బంది పడ్డాను. ఈ తీపి వైన్ మాత్రం ఆవను అణచకుండానే దాని అంచును మెత్తబరిచింది. కూరలో చింతపండు తగ్గించి చేయడం అవసరం. చింతపండు ఎక్కువైతే ఆ పులుపు ముందు వైన్ పులుపు ఓడిపోయి, తీపి ఒక్కటే మిగిలిన నీళ్ళలా అనిపిస్తుంది. అదే కారణంగా చేపల పులుసుతో ఈ వైన్ అస్సలు నప్పలేదు. చింతపండు, మెంతి, కారం కలిసిన ఆ చిక్కని పులుసు దేనికీ చోటివ్వదు, దాని పక్కన వేడి అన్నమే ఉండాలి.

రొయ్యలు మాత్రం బాగా కుదిరాయి. చింతపల్లి తీరం నుంచి ఉదయం వచ్చిన రొయ్యలను, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి, ఉల్లిపాయ ముద్ద లేకుండా, కరివేపాకుతో పొడిగా వేయించాం. తాజా రొయ్యలో సహజంగానే ఒక తియ్యదనం ఉంటుంది. వైన్ ఆ తియ్యదనాన్ని గుర్తుపట్టినట్టు దాన్ని ముందుకు తెస్తుంది. ఇగురుగా వండినప్పుడు టమాటా వేశాం, అంత బాగా రాలేదు. వేపుడే మేలు. మసాలా వడ, ఉల్లి పకోడీ వంటి వేడి వేపుళ్ళతో కూడా తృప్తిగా ఉంది, అయితే వాటిలో సోంపు వేస్తే వైన్ పరిమళం దాని కింద పడిపోతుంది.

మధుమేహం ఉన్నవారికి ఈ వైన్ తగదు, ఇందులో ఉన్నదంతా ద్రాక్ష చక్కెరే. మా ఇంట్లో ఇద్దరు పెద్దలకు ఆ కారణంగానే వాసన చూపించి ఊరుకున్నాం. 21 ఏళ్ళు నిండని పిల్లలున్న ఇంట సీసా ఎక్కడ పెడుతున్నారో చూసుకోవాలి, తియ్యగా ఉంటుంది కనుక అది మద్యమని తోచదు.

ధర విషయంలో నా అభిప్రాయం చెబుతాను. సగం సీసాకు పెట్టిన డబ్బు మొదట ఎక్కువనిపించింది. అయితే తీగ మీద వడలిన ద్రాక్ష నుంచి వచ్చే రసం చాలా తక్కువ. అదే తీగ నుంచి మామూలు కోతలో వచ్చే వైన్‌లో కొంత భాగం మాత్రమే ఇక్కడ మిగులుతుంది. పైగా ఆరుగురికి ఒక సాయంత్రం గడిచింది కాబట్టి, ఒక్కొక్కరి వాటా లెక్క చూస్తే నాకు అన్యాయంగా అనిపించలేదు. ఎండలో నిలబెట్టిన సీసాకు అదే ధర పెట్టడమే అన్యాయం.

మళ్ళీ కొంటానా అంటే, తప్పకుండా కొంటాను. ఈసారి వైశాఖంలో, మా అప్ప పనసపండు పంపినప్పుడు. పనసపొట్టు కూర చేసిన రోజునే సీసా ఫ్రిజ్‌లో పెట్టి, కూరతో సగం తాగి, మిగిలిన సగాన్ని మర్నాడు సాయంత్రం పండు కోసి తొనలు ఒలిచే వేళకు అట్టేపెడతాను. జీడిపప్పు వేయించే పని బావగారు తనకే వదలమన్నారు.